సీమ సరుకు

పడవాయన ఒక్కొక్క పానానూ చెవి దగ్గర పెట్టుకుని తిప్పుతుంటే హజరత్తయ్యకు మొదట నవ్వొచ్చింది. నెల్లూరు పెద్దబజారు వెనక సందులో పద్మనాభయ్యగారి ఇనుప సామాన్ల అంగడిలో అతను చాలా ఏళ్ళుగా గుమాస్తా. బోల్టులకీ గొలుసులకీ గడపారలకీ ఎందరో వస్తారు. ధర అడుగుతారు, బేరమాడతారు, పోతారు. ఇట్లా చెవి పెట్టి వినేవాణ్ణి అతను ఎప్పుడూ చూడలేదు.

“ఏం వినబడతాండాది?” అని అడిగాడు.

“లోపల పళ్ళు ఉంటయ్యి గదన్నా. అన్నీ ఒకటే మాదిరి పలకాల. ఒక్కటి అరిగుండినా, గట్టిగా లాగినప్పుడు జారిపోతాది.”

ఆయన పేరు ముత్యాలయ్య. ఊరు కృష్ణపట్నం. చైనా యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు ఫిషరీసు వాళ్ళు ఆ ఊళ్ళో నాలుగు కుటుంబాలకు కలిపి ఒక ఇంజను పడవ ఇచ్చారు. కాకినాడ పోయి ఇంజను పని నేర్చుకుని వచ్చి ఇప్పుడు దాన్ని నడుపుతున్నది ముత్యాలయ్యే. ఆయన భార్య గురవమ్మ పొద్దున చేపలమ్ముకుని, ఖాళీ గంప పక్కన పెట్టుకుని అంగడి మెట్ల మీద కూర్చుని ఉంది.

హజరత్తయ్య బల్ల మీద మూడు సెట్లు పరిచాడు. ముత్యాలయ్య మొలలోంచి ఒక తాటిచెక్క ముక్క తీశాడు. పడవ అడుగున, ఇంజను వెనక ఉన్న సందు ఎంతో ఆ ముక్క అంతే మందం. అక్కడ నీళ్ళలో తిరిగే పంకా తాలూకు కడ్డీని పట్టుకునే బోల్టులు నాలుగు ఉన్నాయట. ఇంజను అదురుకు అవి వదులైపోతాయి. మామూలు పానా పెడితే కొంచెం తిప్పగానే పిడి చెక్కకు తగులుతుంది. తీసి మళ్ళీ పెట్టాలి, మళ్ళీ తీయాలి. రాచెట్ పానా అయితే ఆ బాధ లేదు. బోల్టు మీద పెట్టి ముందుకీ వెనక్కీ ఊపుతుంటే చాలు, తలలో ఉన్న పళ్ళచక్రం ఒక వైపే పట్టి లాగుతుంది.

మొదటి సెట్టులో పానాల తలలు తాటిచెక్క కంటే మందంగా ఉన్నాయి. పక్కన పెట్టేశాడు. రెండోదానికి మీట లేదు, బిగించడానికి ఒక వైపు, విప్పడానికి తిరగేసి రెండో వైపు పెట్టాలి.

“చీకట్లో, నీళ్ళలో చెయ్యి పెట్టి చేసే పనన్నా. తిరగెయ్యాలంటే జారి అడుక్కి పోతాది. వెతుక్కునే లోపల పడవ అడ్డం తిరుగుతాది.”

మూడోది సీమ సరుకు. మైనపు కాగితంలో చుట్టి ఇంగ్లండు నుంచి వచ్చింది. తల పలచన, పక్కన వేలిగోరంత మీట. అటు తోస్తే బిగిస్తుంది, ఇటు తోస్తే విప్పుతుంది. ముత్యాలయ్య కళ్ళు మూసుకుని బొటనవేలితో మీట నొక్కి చూశాడు. పెట్టెలో ఉన్న పానాలన్నీ అట్లాగే చూశాడు. ఉప్పు తిని పగిలిన ఆ వేళ్ళు మీట మీద చంటిబిడ్డ బుగ్గ తడిమినట్టు కదిలాయి.

“వాన పడేట్టుండాది. తెముల్చుకోయ్యా,” అంది గురవమ్మ మెట్ల మీంచి.

“ఉండుమే. ఏటి మొగ దగ్గర అల కొట్టినప్పుడు నువ్వొచ్చి పట్టుకుంటావా?” అని భార్యను కసిరి, “ఇదే ఇయ్యన్నా,” అన్నాడు హజరత్తయ్యతో. “నీ చేత్తోనే కట్టియ్యి.”

పరుపు మీద కూర్చున్న పద్మనాభయ్య అంతసేపూ తమలపాకుల ఈనెలు తీసుకుంటున్నాడు. ఇప్పుడు తల ఎత్తకుండానే చూపుడువేలికి అంటిన సున్నాన్ని పక్కనున్న స్తంభానికి రాశాడు. ఆ స్తంభం నిండా అటువంటి గీతలే, ఎండి పొలుసులు లేచినవి, వాటి మీద ఎర్రటి ఉమ్మి చారలు.

ఆ గీతకు అర్థం హజరత్తయ్యకు తెలుసు. పెట్టె తీసుకుని లోపలి గదిలోకి పోయాడు.

లోపల అటక మీద అటువంటివే రేకు పెట్టెలు వరసగా ఉన్నాయి. అదే రంగు, అదే మైనపు కాగితం, ఇంగ్లీషు అక్షరాలు కూడా అచ్చం అవే. ఎక్కడో పోతపోసి తెచ్చినవి. ఊరికే తిప్పితే అవీ టకటకమంటాయి. బలం పెట్టి లాగితేనే వాటి సంగతి బయటపడేది. హజరత్తయ్య చేతిలో ఉన్న పెట్టెను కింద పెట్టాడు, అటక మీంచి ఒకటి దించాడు, కాగితం చుట్టి పురికొస కట్టాడు. చెయ్యి దాని పాటికి అది చేసుకుపోయింది.

మూట అందుకుని ముత్యాలయ్య రెండు చేతులూ జోడించాడు. గురవమ్మ లేచి గంప అడుగు నుంచి ఆకులో చుట్టిన పొట్లం ఒకటి తీసింది.

“బొమ్మిడాయిలన్నా. మా అక్కకని దాచిపెట్టినా, ఆమె ఊళ్ళో లేదు. ఇంటికాడ పులుసు పెట్టించుకో. పొద్దున్నించి మా ఆయనతో ఏగినావు, పాపం.”

హజరత్తయ్య చెయ్యి చాపాడు. పొట్లం చల్లగా, తడిగా ఉంది.

*

ఇంట్లో భార్య మస్తానమ్మ మామిడికాయ వేసి పులుసు పెట్టింది. ఆ వాసనకు పక్కింటావిడ కూడా గోడ మీంచి తొంగిచూసి, “ఏంది మస్తానమ్మక్కా, పండగా?” అని అడిగింది.

హజరత్తయ్య కాళ్ళు చేతులు కడుక్కుని కూర్చున్నాడు. అన్నం కలిపి ముద్ద నోటి దగ్గరికి తెచ్చాడు. వేళ్ళలోంచి గ్రీజు వాసన కొట్టింది. లేచిపోయి బూడిదతో, ఆ తర్వాత చింతపండుతో తోముకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు గ్రీజు వాసన లేదు. అయినా ముద్ద గొంతు దాకా పోయి ఆగింది. మింగలేక, కక్కలేక, కళ్ళలో నీళ్ళు తిరిగి, దొడ్లోకి పోయి ఉమ్మేసి వచ్చాడు.

“ముల్లు గుచ్చుకుందా?” అంది మస్తానమ్మ.

“కాదు. వద్దు నాకు.”

“బొమ్మిడాయిల పులుసు వద్దనేవోణ్ణి నిన్నే చూసినా. ఎవురిచ్చినారు?”

“బేరానికొచ్చినోళ్ళు.”

“మంచోళ్ళ మాదిరుండారే. తాజా సరుకు. ఒక్కటి కూడా నలిగింది లేదు.”

ఆమె తనకు వడ్డించుకుని తినసాగింది. ముల్లు తీసి, తల భాగం చప్పరించి, వేళ్ళు నాక్కుంది. ఏ పాపమూ ఎరగని ఆ మనిషి తినే చప్పుడు కూడా హజరత్తయ్యకు ఆ పూట కంపరం పుట్టించింది. అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

మర్నాడు అంగడిలో అంతకంటే ఘోరం. స్తంభం మీద నిన్నటి గీత ఇంకా తెల్లగా ఉంది. పద్మనాభయ్య సగం నమిలిన ఆకు ఉండను బుగ్గలో అటూ ఇటూ మారుస్తూ, “హజరత్తా, కాఫీ తెప్పించు,” అన్నాడు. కాఫీ వచ్చింది. యజమాని తాగి సగం మిగిల్చి, రోజూ ఇచ్చినట్టే అదే లోటా అతని వైపు తోశాడు. లోటా అంచున ఎర్రటి మరక. ఇన్నేళ్ళూ ఆ మరకను తుడుచుకుని తాగాడు. ఆ రోజు తీసుకుపోయి సందులో పారబోశాడు. పారబోసిన చోట ఈగలు ముసిరితే వాటిని చూస్తూ కాసేపు నిలబడ్డాడు.

మూడో రోజు గాలి లేచింది. ఉప్పు మూటలు దించడానికి వచ్చిన లారీ డ్రైవరు ఒకడు అంగడి ముందు బీడీ ముట్టించుకోలేక విసుక్కుంటూ, “రేవులో తుపాను జెండా ఎగరేసినారు. మొగ కాడ అలలు తాటిచెట్టంత లేస్తాండాయి. పడవలు ఇంకా తిరిగి రాలేదంట,” అన్నాడు.

“ఏ పడవలు?”

“నాకేం తెలుసు సామీ. పడవలన్నారు.”

ఆ సాయంత్రం అంగడి మూసేటప్పుడు, ముత్యాలయ్య ఎంచుకున్న అసలు పెట్టెను హజరత్తయ్య గుడ్డసంచిలో వేసుకున్నాడు. మరునాడు అమావాస్య, అంగడికి సెలవు. పోయి ఇది ఇచ్చి, అది తెచ్చి, మళ్ళీ అటక మీద పెట్టేస్తే సరి. పైకి పెట్టెలన్నీ ఒకటే మాదిరి గనక యజమానికి తెలిసే పని లేదు.

*

ముత్తుకూరు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. తుపాను ఎటో తప్పుకుపోయింది గానీ గాలి మాత్రం ఇసుకను ఎత్తి మొహాన కొడుతూనే ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే హజరత్తయ్యకు మూడు రోజుల తర్వాత కడుపు తేలికపడినట్టయింది. గురవమ్మ ఏమంటుందో, ముత్యాలయ్య ఎట్లా చేతులు జోడిస్తాడో ఊహించుకున్నాడు. ఇట్లాంటి పని నెల్లూరు బజారులో ఎవడు చేస్తాడు అనుకున్నాడు. ముత్తుకూరులో దిగి ఆకలిగా రెండు దోసెలు తిన్నాడు కూడా.

కృష్ణపట్నంలో అడిగితే ఏటిగట్టు చూపించారు. ఇంజను పడవ ఒడ్డున తాళ్ళతో కట్టి ఉంది. పడవ కనబడగానే అతని ప్రాణం కుదుటపడింది. దాని నీడలో ముత్యాలయ్య కూర్చుని ఎడమచేత్తో వల విడదీస్తున్నాడు. కుడిచేతికి పసుపు మరకల గుడ్డ కట్టి ఉంది. కొంచెం అవతల గురవమ్మ ఇసుక మీద చేపలు ఎండబెడుతోంది. ఆమే ముందు చూసింది.

“ఇదిగోయ్యా, అంగడాయన వచ్చినాడు.”

ముత్యాలయ్య లేవలేదు. చేతులు జోడించలేదు. కూర్చోమన్నట్టు తల ఊపాడు.

“చెయ్యేంది?” అన్నాడు హజరత్తయ్య.

“నీ పానానే.”

హజరత్తయ్య ఇసుకలో కూర్చున్నాడు.

“మొగ దాటతాండాం. బోల్టు వదులైంది. పానా పెట్టి లాగినా. పట్టింది. ఇంకా బలం పెట్టి లాగితే లోపల పళ్ళు గలగలమని జారినయ్యి. చెయ్యి పోయి ఇంజను అంచుకు కొట్టుకునింది. వేళ్ళ మీద తోలు లేదు. కడ్డీ ఊగిపోతాంటే ఇంజను ఆపేసినాం. గాలి ఒడ్డు వైపుండబట్టి బతికినాం. లేకపోతే నలుగురమూ ఆడనే పోవాల.”

ఆయన గొంతులో కోపం లేదు. వేట సంగతి చెప్పినట్టు చెప్పాడు.

“సరుకు మారిందని…” అన్నాడు హజరత్తయ్య.

“ఇంటికొచ్చి మూట విప్పంగానే తెలిసింది. చెవి కాడ పెట్టుకుంటే వేరే మాదిరి పలికింది.”

“మరి అంగడికి రాలేదే?”

“వచ్చి? కట్టింది నువ్వు. నీతోనే చెప్పుకోవాల్నా?” ముత్యాలయ్య వల ముడిని పంటితో లాగి ఉమ్మేశాడు. “ఉండేది అదే గదా. వేటకు పోకపోతే ఎట్ట? పోయినాం.”

హజరత్తయ్య సంచిలోంచి పెట్టె తీసి ముందు పెట్టాడు. “నువ్వు ఎంచుకున్నది ఇదే. సెలవు పూట బస్సెక్కి వచ్చినా,” అన్నాడు. అనగానే ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది అనిపించింది.

ముత్యాలయ్య ఎడమచేత్తో మూత తీశాడు. భార్యను పిలిచి పడవలోంచి తాటిచెక్క తెప్పించాడు. ప్రతి పానా తలనూ చెక్క పక్కన పెట్టి చూశాడు. ప్రతి మీటా నొక్కాడు. ప్రతిదాన్నీ చెవి దగ్గర తిప్పాడు. అంగడిలో చూసినట్టే చూశాడు గానీ అప్పుడు పానాలను పరీక్షించాడు, ఇప్పుడు తననే పరీక్షిస్తున్నట్టు హజరత్తయ్యకు అనిపించింది. చివరికి ఒక పానా తీసుకుని పడవలోకి దిగాడు. లోపలి నుంచి టకటకమని నింపాదిగా చప్పుడు వచ్చింది. ఎంతసేపు విన్నా ఎక్కడా తప్పలేదు.

పైకొచ్చి, “ఇది అదే,” అన్నాడు.

హజరత్తయ్య లేచి పంచెకంటిన ఇసుక దులుపుకున్నాడు. “సరే, ఆ పాత పెట్టె ఇస్తే పోయివస్తా,” అన్నాడు.

చేపలు తిరగేస్తున్న గురవమ్మ తల తిప్పింది. “అదెందుకన్నా?”

“అటక మీద పెట్టెల లెక్క సరిపోవాల తల్లీ. తగ్గితే అయ్య అడుగుతాడు.”

“తీసకపోయి యాడ పెడతావు?”

“ఉన్న చోటనే.”

“ఆడనుంచి యాడికి పోతాది అది?”

హజరత్తయ్య ఖాళీ సంచి మడత పెట్టుకున్నాడు. ఆమె అరవలేదు, తిట్టలేదు. ఒక చేపను తిరగేసి, దాని పక్కదాన్ని తిరగేసి, మళ్ళీ అతని వైపు చూసింది.

“ఎవురికిస్తావన్నా దాన్ని?”

గాలికి ఎండుచేపల కంపు గుప్పున వచ్చింది. బస్సులో కడుపు తేలికైనందుకు, ముత్తుకూరులో దోసెలు తిన్నందుకు హజరత్తయ్యకు తన మీద తనకే రోత పుట్టింది. బొమ్మిడాయిలు ఇచ్చిన మనుషులు గనక ఇంత దూరం వచ్చాడు. ఏమీ ఇవ్వనివాడు, మొహం గుర్తులేనివాడు ఒకడు రేపో ఎల్లుండో వస్తాడు. ఈ పెట్టె వాడికి కట్టడానికి తీసుకుపోతున్నాడు. ఆ సంగతి ఇంతసేపూ తనకు తట్టనే లేదు.

“అది ఇయ్యను,” అన్నాడు ముత్యాలయ్య. “ఇనుమే గదా. వలకు బరువు కట్టుకుంటా. మీ అయ్యకు ఏం చెప్పుకుంటావో చెప్పుకో.”

గురవమ్మ లేచి చేతులు కడుక్కుంది. “ఎండన పడి వచ్చినావు. అన్నం తినిపో.”

“వద్దు తల్లీ.”

“తినకపోతే నీ ఇష్టం,” అంది. బతిమాలలేదు.

*

మర్నాడు పొద్దున్నే, అంగడి ఊడ్చి నీళ్ళు చల్లకముందే, హజరత్తయ్య పద్మనాభయ్య ఎదట నిలబడి జరిగింది చెప్పేశాడు. అసలు పెట్టె ఇచ్చేశానన్నాడు. పాతది వాళ్ళు తిరిగి ఇవ్వలేదన్నాడు. పొమ్మంటే పోవడానికి సిద్ధపడే చెప్పాడు.

పద్మనాభయ్య నోట్లోని ఆకు ఉమ్మేశాడు. తర్వాత భుజాలు అదిరేట్టు నవ్వాడు.

“పిచ్చోడా! నన్నడిగుంటే బస్సుకు నేనే ఇచ్చుందును గదా. ఒక పెట్టె పోతే పోయింది. పద్మనాభయ్య అంగట్లో సరుకు తేడా వస్తే ఇంటికి తెచ్చి మారుస్తారని రేవు రేవంతా చెప్పుకుంటారు. ఏం బుర్రరా నీది!” అని వీపు తట్టాడు. సున్నం తడి చొక్కాలోంచి ఒంటికి తగిలింది.

తిడితే బాగుండును అనుకున్నాడు హజరత్తయ్య. చొక్కా విప్పి అవతల పారెయ్యాలనిపించింది.

మధ్యాహ్నం చిట్టమూరు వైపు నుంచి, అంగడికి అలవాటైన కామాక్షయ్య అనే రైతు వచ్చాడు. బావి మీద ఆయిలింజను పెట్టుకున్నాడట. ఇంజను బావి గోడకు మరీ దగ్గరగా కూర్చుందట, పానా తిరగదట. రాచెట్ పానాలు అని ఎవరో చెప్పారట. వాటి సంగతి తనకేమీ తెలియదన్నాడు.

“తెలియకపోతే ఏం నాయనా, చెప్పేదానికి మేముండాం గదా,” అన్నాడు పద్మనాభయ్య. “ఇదిగో, మన హజరత్తయ్యే. సరుకులో ఏదో తేడా ఉందని, సెలవు పూట బస్సెక్కి కృష్ణపట్నం పోయి, పడవోళ్ళ ఇంటికాడ మార్చిచ్చి వచ్చినాడు. మా అంగడంటే అట్టుంటాది.”

కామాక్షయ్య తలపాగా సర్దుకుని హజరత్తయ్య వైపు గౌరవంగా చూశాడు. “అట్టయితే నాకేం చూసేది లేదు. ఈయన ఏదిస్తే అదే తీసకపోతా.”

ముత్యాలయ్య పొద్దంతా చెవి పెట్టి విన్నాడు. ఈయన అదీ వినడు. మీట ఎటు తోయాలో కూడా అడగలేదు. బల్ల మీద కొత్తగా తెరిచి పెట్టిన ఇంకో సీమ పెట్టెను దూరం నుంచే చూసి బాగుందన్నాడు. పద్మనాభయ్య వేలు స్తంభం మీదికి పోయింది.

హజరత్తయ్య పెట్టె తీసుకుని లోపలి గదిలోకి పోయాడు. అటక మీంచి ఒకటి దించాడు. పురికొస ఉండ చేతిలోకి తీసుకున్నాడు. ఈయన చెయ్యి ఏ అంచుకు కొట్టుకుంటుందో, బావిలోకి ఎవరు పడతారో తనకు ఎప్పటికీ తెలియదు. తెలియదు గనక పులుసు గొంతు దిగుతుంది, కాఫీ గొంతు దిగుతుంది. ఇన్నాళ్ళూ అట్లాగే దిగింది. పురికొస ఉండను మూల పారేశాడు.

రెండు పెట్టెలూ చేత పట్టుకుని బయటికి వచ్చి బల్ల మీద పెట్టాడు. అటక మీది పెట్టెలోంచి ఒక పానా తీసి, బల్లకున్న వైసు దవడల మధ్య పెద్ద బోల్టొకటి బిగించి, దాని మీద పెట్టి ఒళ్ళంతా బలం పెట్టి లాగాడు. లోపల పళ్ళు గలగలమన్నాయి. పిడి ఊరికే తిరిగిపోయింది.

“ఇది నీకు కట్టమన్న సరుకు,” అన్నాడు కామాక్షయ్యతో. “అది నువ్వు చూసినది.”

“హజరత్తా,” అన్నాడు పద్మనాభయ్య చాలా మెల్లగా. “లోపల పెట్టి రా.”

“పెట్టను.”

కామాక్షయ్య ఒకసారి పెట్టెల వైపు, ఒకసారి మనుషుల వైపు చూశాడు. మొహం ఎర్రబడింది. “ఇన్నేండ్లుగా ఈ అంగట్లోనే కొంటాండా. నాగలి కర్రులు కొన్నా, మోటకు గొలుసులు కొన్నా. ముందు చెప్పేదానికి నీకేమైంది?” అన్నాడు. అడిగింది యజమానిని కాదు, హజరత్తయ్యనే.

“ఏం కాలేదు. చెప్పలేదు, అంతే.”

“థూ!” అని కామాక్షయ్య గడప దాటి ఉమ్మి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

హజరత్తయ్య మొలలోంచి లోపలి గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. వెనక పద్మనాభయ్య ఏదో అంటున్నాడు. నిమ్మళంగా మొదలై అరుపులోకి పోయింది. ఏమిటన్నది అతను వినలేదు.

సందు మొగలో కామాక్షయ్యను అందుకున్నాడు. “ఇంకో అంగడి ఉండాది. చూపిస్తా రా.”

“ఆడ మాత్రం మంచోళ్ళుండారా?”

“లేరు,” అన్నాడు హజరత్తయ్య. “నేను పక్కనుంటా.”

రైతు నమ్మలేదు. పానాలు లేకుండా ఊరికి పోలేడు గనక నడిచాడు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఎడం ఉంచి మరీ నడిచాడు.

రెండో అంగడి గుమాస్తాకు హజరత్తయ్య బాగా తెలుసు. “ఏందబ్బా, దారి తప్పి వచ్చినావు? మీ అయ్య ఏమన్నా పంపినాడా?” అని నవ్వాడు.

“కొనేదానికి వచ్చినా. రాచెట్ పానాలు తియ్యి.”

గుమాస్తా పెట్టెలు దించాడు. హజరత్తయ్య ఒక్కో పానా తలా చూశాడు, మీట అటూ ఇటూ తోశాడు, చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. బోల్టొకటి అడిగి తీసుకుని, దాని మీద పెట్టి, పిడి కామాక్షయ్య చేతికే ఇచ్చి లాగమన్నాడు. రైతు అనుమానంగానే పట్టుకుని లాగాడు. పానా జారలేదు. ఇంకా గట్టిగా లాగాడు, మెడ నరాలు ఉబ్బాయి. జారలేదు.

“ఇది చాలు,” అన్నాడు కామాక్షయ్య.

గుమాస్తా పెట్టె మూసి, చంకలో పెట్టుకుని, “కట్టించి తెస్తా,” అంటూ లోపలి వైపు తిరిగాడు.

హజరత్తయ్య చెయ్యి చాపి పెట్టె పట్టుకున్నాడు.

“ఈడనే కట్టు,” అన్నాడు.